బాబాయి చుట్ట మానేసిన వేసవి

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో మా ఛాతీ వార్డులో ఒకరోజు లడ్డూలు పంచుకున్నాం. కారణం చెబితే మీకు నవ్వొస్తుంది. తర్వాత జరిగింది చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. నర్సింగులో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. బస్సు బోల్తా సంగతో, పాము కాటు సంగతో చెబుతాననుకుని కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నేను ఈ లడ్డూల సంగతి మొదలుపెట్టగానే కొంచెం డీలా పడతారు. పడితే పడ్డారు, వినక తప్పదు. కాఫీ ఇచ్చేది నేనే కదా.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఊళ్ళో సర్కారు ఆసుపత్రి. నేను ఆ వార్డులో హెడ్ నర్సుని. వార్డు ఎవరిది అని అడిగితే కాగితాల మీద ఛాతీ డాక్టరుగారి పేరు ఉండేది గానీ, నడిపేది మాత్రం నేనూ బాబాయీ. బాబాయి అంటే మా అటెండరు. డాక్టర్ల దగ్గర్నుంచి స్వీపర్ల దాకా అందరికీ బాబాయే. నేను వయసులో ఆయనకి కొంచెమే చిన్న, అయినా నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆక్సిజన్ సిలిండర్లు తేవడం, మార్చడం ఆయన పని. ఆ ఇనుప బండని కాస్త పక్కకి వంచి, అంచు మీద దొర్లించుకుంటూ వరండాలో తీసుకొస్తుంటే చూడ్డానికి ముచ్చటేసేది. సిలిండరు కంటే ముందు ఆయన దగ్గు వచ్చేది. ఆ దగ్గు వినపడగానే మేం మంచం పక్కన చోటు ఖాళీ చేసేవాళ్ళం.

ఆయనది ఒంగోలు అవతల పొగాకు పండించే పల్లె. కుర్రతనమంతా బ్యారన్ల దగ్గరే గడిచింది. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని లోపల వేలాడదీసి, కింద మంట పెట్టి, వేడికి పండించే ఎత్తైన గది. ఆ పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోసేవాడట. తర్వాత ఆకు గ్రేడింగు షెడ్డులో చేశాడు. కళ్ళు మూసుకుని ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంటే అది ఏ నేలలో పండిందో, ఆరబెట్టేటప్పుడు మంచు తగిలిందో లేదో చెప్పగలడని ఆయనే చెప్పేవాడు. మేం పరీక్షించలేదు కానీ నమ్మేవాళ్ళం. ఆయన చెప్పే తీరు అలాంటిది.

చుట్ట లేకుండా ఆయన్ని నేను ఊహించలేను. ఊరి నుంచి చుట్టాలెవరో నాటు పొగాకు కాడ తెచ్చిచ్చేవాళ్ళు. తనే చుట్ట చుట్టుకుని, లాండ్రీ గది వెనక గోడ దగ్గర కాల్చుకుని వచ్చేవాడు. మా ఛాతీ డాక్టరుగారు ఎప్పుడో ఆయన్ని కూర్చోబెట్టి ఊపిరి పరీక్ష గొట్టంలో ఊదించి, నీ ఊపిరితిత్తులు సగం పాడైపోయాయయ్యా అని చెప్పి ఇన్హేలరు రాసిచ్చారు. బాబాయి దాన్ని చొక్కా జేబులో తాయెత్తులాగా పెట్టుకు తిరిగేవాడు. డాక్టరుగారు ఎదురుపడితే బయటికి తీసేవాడు. ర్యాంపు ఎక్కుతూ మధ్యలో ఆగి రొప్పుతుంటే ఏమయ్యా అంటే, వయసమ్మా అనేవాడు. నేను తిట్టని రోజు లేదు. తిట్టీ తిట్టీ నాకు నోరు నొప్పి పుట్టింది, ఆయనకి మాత్రం చెవి నొప్పి పుట్టలేదు.

కరోనా వచ్చాక ఆయనకి కొత్త ధైర్యం ఒకటి పుట్టింది. పొగ తాగేవాళ్ళ జోలికి ఆ వైరస్ రాదని ఎవరో ఫోనులో పంపారట. అసలే పొగాకు మనిషి, పైగా ఈ ముక్క దొరికింది.

"పొగాకు పక్కన పురుగు నిలవదమ్మా. మా బ్యారన్ కాడ పడుకుంటే దోమ గూడా వచ్చేది కాదు. ఇదీ పురుగే గదా," అన్నాడు.

"దోమకీ దీనికీ తేడా నీకు ఎట్టా చెప్పాలయ్యా?" అన్నాను. ఆయన నవ్వి సిలిండరు దొర్లించుకుంటూ పోయాడు.

మొదటి ఏడాది ఆయనకి ఏమీ కాలేదు. దాంతో తన మాటే నెగ్గిందనుకున్నాడు. రెండో వేసవి అలా కాదు. మంచాలు నిండిపోయాయి, వరండాలో పరుపులేశాం. మిర్చి యార్డు నుంచి, పత్తి మిల్లుల నుంచి, పొలాల నుంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చేవారు. బాబాయి దొర్లించినన్ని సిలిండర్లు ఆ నెలల్లో ఇంకెవరూ దొర్లించలేదు. మా సిబ్బందిలో సగం మంది జబ్బుపడి ఇళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళని గేటు దగ్గర రోజూ ఆపి జ్వరం చూసి, దగ్గుందా అని అడిగేవారు. బాబాయి రోజూ ఒకటే జవాబు చెప్పేవాడు, ఉంది, నా పెళ్ళికి ముందు నుంచీ ఉంది అని. అందరూ నవ్వి లోపలికి పంపేవారు. జ్వరం ఎలాగూ ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో బాబాయి చుట్ట మానేశాడు.

ఎవరూ నమ్మలేదు. టీ తాగాక లాండ్రీ గది వైపు పోకుండా బల్ల మీదే కూర్చున్నాడు. ఏమైందంటే, ఈ ఏడు ఆకు చచ్చిపోయిందమ్మా అన్నాడు. వాసన లేదు, రుచి లేదు, ఎండుగడ్డి కాల్చినట్టుంది, వానలు తేడా వచ్చి పంటంతా ఇట్టాగే ఏడ్చినట్టుంది అని ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. ఆకు సంగతి ఆయనకి తెలిసినట్టు మాకెవరికి తెలుసు? ఆయన ముక్కు పెట్టి కాదన్నాడంటే ఆ ఆకు పనికిరానిదే. మా ప్రాంతంలో పొగాకు బాగాలేదని పొగాకు మనిషి చెబితే ఎదురు మాట్లాడేవాడు ఎవడూ ఉండడు. ఇన్నేళ్ళ నా తిట్లు చేయలేని పని ఒక చెడ్డ పంట చేసిందని నేను దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ పూటే స్టోర్సు గుమస్తా లడ్డూలు తెప్పించాడు. అన్ని చావుల మధ్య నవ్వడానికి ఒక సాకు దొరికింది మాకు, వదులుకుంటామా? మాస్కులు కిందకి లాగి తలా ఒకటి నోట్లో వేసుకున్నాం. బాబాయి సగం తిని, పంచదార తక్కువైంది అన్నాడు. దానికీ నవ్వాం.

మర్నాడో ఆ మర్నాడో, దుప్పట్లు ఎంతకీ రావడం లేదని నేనే లాండ్రీ గది వైపు వెళ్ళాను. గోడ వెనక నుంచి చుట్ట పొగ గుప్పున కొట్టింది. మాస్కు ఉన్నా కళ్ళ నీళ్ళు తిరిగాయి. బాబాయి దొరికిపోయాడనుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని గబగబా వెళ్ళాను, తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా చూస్తే మా వాచ్‌మన్.

"ఈ ఆకెక్కడిది?" అన్నాను.

"బాబాయి ఇచ్చాడమ్మా. ఆకు చచ్చింది, పారేస్తానంటే నేను తీసుకున్నా. చావడమేంటి, రెండు పీల్పులకే తల తిరిగిపోతంటే."

అదే కాడ. ఒకడికి తల తిరుగుతోంది, ఇంకొకడికి ఎండుగడ్డి. తేడా ఆకులో లేదు.

బాబాయి ర్యాంపు మొదట్లో సిలిండరుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. నేను స్పిరిట్ దూది తీసి ఆయన ముక్కు కింద పెట్టి, ఇదేంటో చెప్పు బాబాయ్ అన్నాను. స్పిరిట్ వాసన ఆసుపత్రిలో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది, సూది వస్తోందని ఏడుస్తారు. ఆయన గట్టిగా పీల్చాడు.

"తడి దూది. నీళ్ళా అమ్మా?" అన్నాడు.

వేలికి క్లిప్పు పెట్టాను. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు అది. ఆయనకి మామూలుగానే అందరికంటే కాస్త తక్కువ చూపించేదని వార్డులో అందరికీ తెలుసు. కానీ ఆరోజు చూపించినంత తక్కువ ఎప్పుడూ లేదు. ఇంతమందికి సిలిండర్లు మోసిన మనిషిని ఆ సాయంత్రం మంచం మీద పడుకోబెట్టి, సిలిండరు మేం మోసుకొచ్చాం. మోస్తే గానీ దాని బరువు తెలియలేదు మాకు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకి పోతాను. చుట్ట మానేయడం జబ్బుకి గుర్తని నేను చెప్పానని ఎవరూ ప్రచారం చేయకండి. మానేయండి, ఏ వయసులో మానేసినా మేలే. నేను చెప్పేది వేరు. మా డాక్టరుగారు నర్సింగు పిల్లలకి చెబుతుంటే విన్నాను. ఊపిరి గొట్టాల్లో కంటికి కనబడని నూగు ఉంటుందట, అది లోపలికొచ్చిన చెత్తని ఎప్పటికప్పుడు పైకి ఊడ్చేస్తుంది. ఏళ్ళ తరబడి పొగ తగిలితే ఆ నూగు చచ్చుబడిపోతుంది. లోపల గాలి తిత్తులు సాగిపోయి వదులైపోతాయి. అటువంటి ఊపిరితిత్తుల్లోకి వైరస్ దిగితే, అప్పటికే నానిపోయిన గోడల ఇంటి మీద వాన కురిసినట్టే. బాబాయి పక్క మంచం మీద ఒక మిర్చి రైతు ఉండేవాడు, కుర్రవాడు, బీడీ కూడా ఎరగడు. బాబాయి కంటే ఎక్కువ జ్వరంతో వచ్చి, వారం తిరక్కుండా లేచి కూర్చుని ఆవకాయ అడిగాడు. బాబాయికి మాట్లాడడానికే ఊపిరి చాలలేదు. ఏ జబ్బూ లేనివాళ్ళూ పోయారు, నా కళ్ళతో చూశాను. కానీ ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉన్నవాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడు నా నడకే మారిపోయేది.

ఆయన భార్య కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే పని చేసేది. లోపలికి ఎవరినీ రానివ్వరు కనక ఆసుపత్రి బయట రేకుల షెడ్డు కింద కూర్చునేది. నా ఫోనులో ఆవిడకి ఆయన్ని చూపించేదాన్ని. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. తిన్నావా అని ఆవిడ, నువ్వు తిన్నావా అని ఈయన. అంతే.

ఇక బాబాయి మా చేజారబోయిన రోజు సంగతి. మా ఛాతీ డాక్టరుగారికే కరోనా వచ్చి ఇంట్లో పడ్డారు. వార్డంతా ఒక చిన్న డాక్టరమ్మ మీద పడింది. మంగళగిరి పిల్ల, చదువు పూర్తయి ఎన్నాళ్ళో కాలేదు. ఆ పీపీఈ సూటులో చెమటకి తడిసి ముద్దయిపోయి, ఒక్క మాట విసుక్కోకుండా మంచం మంచానికీ తిరిగేది. ఆ రోజుల్లో అందరిదీ ఒకటే మంత్రం, క్లిప్పులో అంకె తగ్గితే ఆక్సిజన్ పెంచు. అంకె తగ్గి కళ్ళ ముందే పోయినవాళ్ళని చూసిన భయం అది. బాబాయి అంకె తగ్గింది, ఆ పిల్ల పెంచింది. తగ్గింది, పెంచింది. ఎవరైనా అదే చేసేవారు.

నేను పొద్దున డ్యూటీకి వచ్చేసరికి బాబాయి అంకె బ్రహ్మాండంగా ఉంది. ఆయాసం లేదు. హాయిగా నిద్రపోతున్నాడు. షెడ్డు కింద ఆవిడకి ఫోనులో చూపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎన్ని రోజులైందోనమ్మా ఇట్టా పడుకుని అంది. డాక్టరమ్మ ముఖంలో కూడా ఆ వారంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది.

నాకు మాత్రం ఆ నిద్ర నచ్చలేదు. ఆయన నిద్ర నాకు తెలుసు. డ్యూటీ గదిలో బల్ల మీద పడుకున్నప్పుడు నేను వస్తున్న చెప్పుల చప్పుడుకే లేచి కూర్చునేవాడు. ఇప్పుడు చెవి దగ్గర నిలబడి, సిలిండరు అయిపోయింది లే అని అరిచాను. కనురెప్ప కదిలింది గానీ లేవలేదు. చేతులు పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి, అరచేతులు పైకెత్తి పట్టిస్తే పిచ్చుక రెక్కల్లా కొట్టుకున్నాయి.

డాక్టరమ్మని పిలిచి, ఛాతీ డాక్టరుగారికి ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. ఆయన దగ్గుతూనే విన్నారు. ఫోను స్పీకరులో ఉంది కనక నాకూ వినబడింది. ఏళ్ళుగా పాడైన ఊపిరితిత్తులు చెడ్డ గాలిని బయటికి సరిగా నెట్టలేవు, మరీ ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఆ చెడ్డ గాలి ఇంకా లోపలే పేరుకుపోయి మనిషిని మత్తులోకి తోస్తుంది, అది నిద్ర కాదమ్మా అన్నారు. ఆక్సిజన్ కొద్దికొద్దిగా తగ్గించు, అతనికి మామూలుగా ఉండే అంకె దగ్గర ఆపు, ఊపిరి నెట్టే మాస్కు మిషను తగిలించు.

తగ్గించడం. ఆ వేసవిలో ఆ మాట ఎంత బరువో అప్పుడు పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. ఊరంతా ఆక్సిజన్ కోసం ఏడుస్తుంటే, అంకె బాగున్న మనిషికి చేత్తో తగ్గించాలి. తేడా వస్తే అది తన చేత్తో జరిగినట్టే. ఆ పిల్ల సిలిండరు మీటరు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. పెంచింది తనే అని అప్పటికే అర్థమైంది ఆమెకి. కళ్ళద్దాల వెనక నీళ్ళు కనబడుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు ఆ సూటులో.

"మేడమ్, మీరు ఇక్కడే ఉంటారా?" అంది.

"ఎక్కడికి పోతానమ్మా. తిప్పు," అన్నాను.

తిప్పింది. అంకె దిగుతుంటే మా ఇద్దరి గుండెలూ దిగాయి. ఒకచోట ఆగింది. మాస్కు మిషను బిగించాం. డాక్టరమ్మ రక్తం తీసి పరీక్షకి పంపింది, ఫలితం డాక్టరుగారు చెప్పినట్టే వచ్చింది. ఇక ఆ మంచం దగ్గర్నుంచి కదలలేదు ఆ పిల్ల. వేరే మంచాలు నేనూ మిగతా సిస్టర్లూ చూసుకున్నాం. నేను ప్రార్థన చేసుకున్నాను, మధ్యమధ్యలో మీటరు కూడా చూశాను, రెండూ అవసరమే. మధ్యాహ్నం దాటాక బాబాయి కళ్ళు తెరిచాడు. మాస్కు పీకేయబోయాడు. చెయ్యి పట్టుకుంటే ఆ మాస్కులోంచి నన్నేదో తిట్టాడు. ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు. నా సర్వీసులో అంత తియ్యటి తిట్టు నేను పడలేదు. డాక్టరమ్మ బయటికి వెళ్ళి, సూటు విప్పి, మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. తప్పు చేశానని ఒప్పుకుని, అదే చేత్తో దిద్దుకోగలిగినవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. ఇప్పుడు ఆమె పెద్ద ఛాతీ డాక్టరు. నా మోకాళ్ళ నొప్పులకి కూడా ఆమెకే ఫోను చేస్తాను, పాపం విసుక్కోదు.

బాబాయి బతికాడు. మిర్చి రైతు వారంలో వెళ్ళిన గుమ్మం దాటడానికి ఆయనకి వేసవంతా పట్టింది. మళ్ళీ సిలిండరు దొర్లించలేకపోయాడు, ఓపీ చీట్లిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఇన్హేలరు పొద్దునా సాయంత్రం లెక్కగా పీల్చేవాడు. ఆయన్ని ఇంకొన్నేళ్ళు మా మధ్య ఉంచినందుకు ఆ పిల్లకీ, జ్వరంలో కూడా ఫోను ఎత్తిన డాక్టరుగారికీ, ఆఖరికి గోడ వెనక చుట్ట కాలుస్తూ దొరికిన వాచ్‌మన్‌కీ కూడా నేను రుణపడి ఉన్నాను. వాచ్‌మన్‌ని తర్వాత చుట్ట మాన్పించాను లెండి, కృతజ్ఞత దారి కృతజ్ఞతదే.

డిశ్చార్జి రోజు చెప్పి ముగిస్తాను. అన్ని వారాలుగా ఇంటికి పోతానని మమ్మల్ని వేధించిన మనిషి. కాగితాలు చేతికిచ్చాం, ఆటో గేటు దగ్గర నిలబడి ఉంది. భార్య సంచీ ఎత్తుకుంది, ఎత్తుకుంటూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆగి, మళ్ళీ దగ్గింది. బాబాయి నడుస్తున్నవాడల్లా నిలబడిపోయాడు.

"అమ్మా, దీన్ని గూడా ఊదించి చూడండి," అన్నాడు నాతో.

ఆవిడ కొట్టిపారేసింది. మిరపకాయల దుమ్మేనయ్యా, మా పనికాడ దగ్గనోళ్ళెవరు, పద ఆటో పోద్ది అంది. బాబాయి కదల్లేదు.

"నేనూ ఆకుదే తప్పనుకున్నా గదే," అన్నాడు.

ఆవిడ సంచీ కింద పెట్టింది. నేను చీటీ రాయించాను. లోపల ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతున్నాయని, ఇంకా మందులకి లొంగే దశలోనే ఉందని ఆరోజే తేలింది. ఇప్పటికీ ఆవిడ బాగానే ఉంది, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా మిరపకాయ ముట్టదు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఫలితం కాదు. ఆటోవాడు హారను కొట్టీ కొట్టీ విసుగెత్తి వెళ్ళిపోయాడు. ఓపీ బయట బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నిలబడితే ఆయాసపడే మనిషి, ఆవిడని పరీక్షకి పిలిచినప్పుడల్లా లేచి గది గుమ్మం దాకా వెంట వెళ్ళి, ఆవిడ బయటికి వచ్చేదాకా అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాడు.